పాముచెవి మేస్త్రి కుడిచెవి

నీటి సరఫరా శాఖలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. జీతం చీటీ మీద ఏదో పేరు ఉండే ఉంటుంది గాని, పై అధికారి మొదలుకుని తవ్వకం పనివాళ్ల దాకా అందరికీ ఆయన పాముచెవి మేస్త్రి. నేల కింద పైపు ఎక్కడ చిల్లిపడిందో రోడ్డు మీద నిలబడి చెప్పటం ఆయన ఉద్యోగం. ఛాతీ ఎత్తున్న ఇనుప కడ్డీ ఒకటి, దాని పై కొసన గిన్నెలాంటి చెక్క ముక్క. అంతే ఆయన సరంజామా. తెల్లవారి వాహనాలు తిరగటం మొదలవకముందే కడ్డీ మొనని వాల్వు మీద ఆనించి, చెక్క గిన్నెకి కుడిచెవి చేర్చి, కళ్లు మూసుకునేవాడు. లీకు ఉంటే కింద నీళ్లు గొణిగే చప్పుడు కడ్డీ వెంట పైకి పాకుతుంది. నాలుగు చోట్ల విని రోడ్డు మీద సుద్దతో అడ్డగీత గీసేవాడు. అక్కడ తవ్వితే నీళ్లు పడి తీరాల్సిందే.

కుడిచెవి అని ఊరికే అనలేదు. ఎడమది పన్నెండో ఏట గవదబిళ్లలొచ్చి పోయింది. పోతే పోయింది, ఇంకోటి ఉందిగా అనుకున్నాడు. ఆ ఉన్నదానితోనే ముప్పయ్యేళ్లు శాఖని ఏలాడు. మధ్యలో పైవాళ్లు లీకులు కనిపెట్టే కొత్త యంత్రం ఒకటి తెప్పించారు. ముల్లు అటూ ఇటూ ఊగుతూ చూపించే ఆ పెట్టెకి "ఏడుపుగొట్టు పెట్టె" అని పేరు పెట్టి, వ్యాను మూలన గోనెసంచుల కింద పడేశాడు. దాన్ని బయటికి తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అలాంటి కుడిచెవి కూడా ఎనిమిదేళ్లుగా మెల్లగా తగ్గుతూ వచ్చింది. మొదట పిట్టల కూతలు పోయాయి, తర్వాత ఫోను గంట, ఆ తర్వాత ఆడవాళ్ల గొంతులు. చెవి వెనక మిషను పెట్టుకున్నా ఇప్పుడు మిగిలింది మోటు చప్పుళ్లే. లారీ పోతే గుడగుడ, తలుపు పడితే దబ్బు, కడ్డీలో గొణుగుడు. "నా పనికి అది చాలు," అనేవాడు, ఎవరూ అడక్కముందే.

ఆయన పనికి చాలింది. ఆయన భార్యకి చాల్లేదు.

ఆమె బస్టాండులో టికెట్ కౌంటరులో పని చేస్తుంది. అద్దం వెనక కూర్చుని రోజంతా లోకాన్ని చూస్తుంది. చేతిసంచిలో పిల్లిని దాచి బస్సెక్కబోయిన పెద్దాయన, ఎక్కడికి వెళ్లాలో మర్చిపోయి "మీరే ఏదో ఒకటి ఇవ్వండి" అన్న ఆవిడ, ఇలాంటివి సాయంత్రానికి నోటినిండా మోసుకుని ఇంటికొచ్చేది. ఒకప్పుడు ఆయన బూట్లు విప్పేలోపే సగం చెప్పేసేది. రాను రాను ప్రతి మాటా మూడేసి సార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారికి పిల్లి సంగతిలో నవ్వేం మిగులుతుంది? దాంతో మానేసింది. ఆయన్ని పిలవాలంటే గదిలో లైటు ఆర్పి వెలిగిస్తుంది. ఏదైనా చెప్పాలంటే, కౌంటరులో అయిపోయిన టికెట్ చుట్టల చివరి ముక్కలు తెచ్చుకుని వాటి వెనక రాస్తుంది. రెండు వేళ్ల వెడల్పు కాగితం. "తమ్ముడికి జ్వరం", "రేపు డాక్టరు", అంతకంటే పట్టవు.

ఆ చెవుల డాక్టరమ్మ మాట్లాడుతుంటే బల్ల మీది తెరలో అక్షరాలు పడేవి. ఆయన వాటిని చదువుకునేవాడు.

"మీకు కోక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి యంత్రం, పనికొస్తుంది. ప్రస్తుతానికి ఒక్క చెవికే పెట్టగలం. ఏ చెవికన్నది మనం కలిసి తేల్చుకోవాలి," అందావిడ.

"ఎడమ," అన్నాడాయన, ఇంకా తెర మీద ఆఖరి మాట పడకముందే.

డాక్టరమ్మ నవ్వి, ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఎడమచెవి నలభయ్యేళ్లుగా ఏమీ వినలేదు. ఇప్పుడు అందులో తీగ పెడితే మాటలు తెలుస్తాయో, వట్టి చప్పుళ్లే తెలుస్తాయో చెప్పలేం. కుడిచెవికి మాటలతో నిన్నమొన్నటిదాకా పరిచయం ఉంది. అక్కడ పెడితే కొన్ని నెలల సాధనతో మాటలు అర్థమయ్యే అవకాశం బాగా ఉంది. కాకపోతే ఆపరేషన్‌లో, అందులో మిగిలిన ఆ కాస్త వినికిడీ పోవచ్చు.

"అదే నేనూ అంటున్నది. ఆ కాస్తా పోతే నా కడ్డీకి దిక్కెవరు? పోయినదాన్ని బాగుచేయండి, ఉన్నదాని జోలికి రాకండి. ఎడమ!"

ఆవిడ ఒక పత్రం ఇచ్చి, పది రోజులు ఆలోచించుకుని రమ్మంది. ఆయన మెట్లు దిగుతూనే జేబులోంచి పెన్ను తీసి, ఎడమ అని ఉన్న గడిలో టిక్కు పెట్టేశాడు. పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో మెట్ల మీద వాదించి లాభం లేదని, వెంట వచ్చిన భార్యకి తెలుసు.

ఆ సాయంత్రం ఆయన చేతిలో ఒక టికెట్ చుట్ట పెట్టింది. ముక్క కాదు, చుట్టే. ఆయన విప్పుతూ పోయాడు, అది వస్తూనే ఉంది.

"పెద్ద విషయాలు రాస్తూనే ఉన్నాను. చిన్న విషయాలు చెప్పటం మానేసి ఆరేళ్లయింది. ఇప్పుడు వాటిని గిన్నెలు కడుగుతూ గిన్నెలకి చెప్పుకుంటున్నాను. అవి బాగానే వింటాయి. నవ్వవు, అంతే. మీరు కుడిచెవి ఇస్తే నాకు మీరు తిరిగొస్తారని డాక్టరమ్మ అంటోంది. ఎడమ ఇస్తే శాఖకి కడ్డీ మిగుల్తుంది. ఏది కావాలో మీరే చెప్పండి."

ఆయన రెండుసార్లు చదివాడు. భయం వేసింది. కడ్డీ లేకపోతే తనెవరు? టోపీ పెట్టుకున్న ఒక చెవిటి ముసలాడు. ఆ భయాన్ని ఒప్పుకోవటం కంటే కోపం తెచ్చుకోవటం తేలిక గనక, "నీ గిన్నెల కోసం నా ఉద్యోగం వదులుకోమంటావా?" అని గట్టిగా అరిచాడు. తను ఎంత గట్టిగా అరిచాడో ఆయనకి వినపడలేదు. ఆమెకి వినపడింది. ఆమె చుట్టని మళ్లీ జాగ్రత్తగా చుట్టి సొరుగులో పెట్టింది.

ఆదివారం ఆమె తమ్ముడొచ్చాడు. అతను బావ దగ్గరే తవ్వకం పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాడు. బావ సుద్దగీత గీసిన చోట మొదటి దెబ్బ అతనిదే. అక్క సంగతంతా చెప్పింది. అతను టీ తాగుతూ తాగుతూ ఆగిపోయాడు.

"చెవి కోసమా ఇంత గొడవ? అదేంటక్కా, బావ చెవి పెట్టకముందే తలూపేస్తాడు కదా!"

"తలూపటమేంట్రా?"

అతను లేచి, మూలనున్న తుడుపుకర్ర తెచ్చి బావ ముందు నిలబడ్డాడు. అచ్చం బావలాగే కుడిచేతి చేతొడుగు తీసినట్టు తీసి జేబులో పెట్టాడు. కర్రని నేలకి ఆనించి, వట్టి చేతి వేళ్ల మధ్య తేలిగ్గా పట్టుకున్నాడు. క్షణం ఆగి, "ఊఁ" అన్నట్టు తలూపాడు. ఆ తర్వాతే తీరిగ్గా వంగి కర్ర కొసకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, తపస్సు చేస్తున్నట్టు మొహం పెట్టాడు. ఆమెకి నవ్వాగలేదు.

"ఏమిట్రా ఆ వెధవ్వేషాలు?" అన్నాడు మేస్త్రి.

అతను మొదటినుంచీ మళ్లీ చేసి చూపించాడు. ఈసారి తలూపిన చోట ఆగి, తన తలని వేలితో చూపించాడు. మిగతాది ఆమె ముక్క మీద రాసిచ్చింది. "మీరు తలూపగానే వాళ్లు పలుగులు అందుకుంటారట. చెవి పెట్టేదాకా ఎవరూ ఆగరట. పదిహేనేళ్లుగా."

"మరి ఒక్కడూ నాతో చెప్పలేదేం?"

బావమరిది తల గోక్కుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పాడు. "డాబు కోసం చేస్తున్నావనుకున్నాం, బావా."

మేస్త్రి మొహం కందగడ్డయింది. తాడోపేడో తేల్చుకోవాల్సిందేనని మర్నాడు పొద్దున్నే బండెక్కాడు. రొట్టెల దుకాణం నేలమాళిగలోకి నీళ్లు ఊరుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. ఆయన చెవి మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చెవిలో దూది కుక్కుకుని, రోడ్డు బద్దలుకొట్టేటప్పుడు పనివాళ్లు పెట్టుకునే దళసరి చెవిడిప్పలు రెండు వైపులా బిగించాడు. కడ్డీని తలకి తగలనివ్వకుండా చేయి చాచి పట్టుకున్నాడు. మొదటి వాల్వు దగ్గర ఏమీ లేదు. రెండోదాని దగ్గరా లేదు. మూడోదాని దగ్గర నిలబడి వట్టి వేళ్లతో కడ్డీని పట్టుకున్నాడు. వేళ్ల మొదళ్ల దగ్గర సన్నటి వణుకు మొదలై, మణికట్టు దాకా వచ్చి ఆగింది. ఆ వణుకు ఆయనకి కొత్త కాదు. ముప్పయ్యేళ్ల నుంచి అదే వణుకు. అది చెవిలోంచి వస్తోందని అనుకున్నాడంతే.

తల దానంతటదే ఊగింది. కళ్లు తెరిచి చూస్తే పనివాళ్లందరూ అప్పటికే పలుగులు పట్టుకుని ఉన్నారు. గీత గీశాడు, తవ్వారు, మోకాలి లోతులో నీళ్లు చిమ్మాయి. పనివాళ్లు చప్పట్లు కొట్టారు గాని మేస్త్రి నవ్వలేదు. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ముప్పయ్యేళ్లు చేసింది చెయ్యి, పేరు కొట్టేసింది చెవి. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఒక ముక్క జరిపింది. "పాముకి బయటికి చెవులే ఉండవటండీ. నేలకి ఒళ్లు ఆనించి తెలుసుకుంటుందట. మీకు పేరు పెట్టినవాళ్లెవరో గాని తెలివైనవాళ్లే."

అయినా ఆయన అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ఆ వారమంతా డిప్పలు పెట్టుకునే పనిచేశాడు. పది లీకుల్లో ఎనిమిదింటిని చెయ్యి పట్టేసింది. రెండు చోట్ల మాత్రం ఎంతసేపు నిలబడ్డా వేళ్లు పలకలేదు. రెండూ ప్లాస్టిక్ పైపులే, లీకేమో దూరంగా ఎక్కడో ఉంది. డిప్పలు తీసి, మిషను తగిలించుకుని చెవి పెడితే అప్పుడు దొరికాయి. చెవిది వట్టి డాబు కాదన్నమాట. పదింటిలో రెండు దానివే. అవి పోతాయి, పోతే తిరిగి రావు. ఆ నిజాన్ని ఎవరూ ఆయన దగ్గర దాచలేదు, ఆయనా దాచుకోలేదు.

పదో రోజున డాక్టరమ్మ ముందు కూర్చుని పత్రం విప్పాడు. ఎడమ గడిలోని టిక్కుని అడ్డంగా కొట్టేసి, కుడి గడిలో ఇంకో టిక్కు పెట్టాడు. భార్యతో కూడా ముందుగా చెప్పలేదు.

"ఖాయమేనా?" అని తెర మీద పడింది.

"ఖాయమే. ఆ రెండు లీకుల సంగతీ మా ఏడుపుగొట్టు పెట్టె చూసుకుంటుంది. మా ఆవిడ సంగతి ఏ పెట్టే చూసుకోదు."

డాక్టరమ్మ కొట్టివేత పక్కన సంతకం చేయమంది. ఆయన చేశాడు. పక్కనున్న భార్య ఆయన చేతిలోంచి పెన్ను అందుకుని, మూత పెట్టి ఆయన జేబుకి తగిలించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరమ్మ అన్నట్టే ఆ కాస్త వినికిడీ పోయింది. చెవిలో పెట్టిన యంత్రం మొదలుపెట్టేందుకు గాయం మానేదాకా ఆగాలి గనక, నాలుగు వారాలు లారీ గుడగుడ కూడా లేదు. మొదలుపెట్టిన రోజున భార్య గొంతు రేకు డబ్బాలో పడ్డ కందిరీగలా ఉంది. "ఇదేనా నీ గొంతు? ఎనిమిదేళ్లలో ఇంత పాడు చేసుకున్నావేం?" అన్నాడు. ఆ మాట మీద ఆమె రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి సాధన చేయించింది. చదవటానికి ఏం దొరక్క బస్సుల వేళలు చదివేది. ఆరో నంబరు ఏడూ పదికి, పదకొండో నంబరు ఏడూ ఇరవై అయిదుకి. కొన్నాళ్లకి కందిరీగ పోయి మనిషి గొంతు తేలింది, ఆయనకి బస్సులన్నీ కంఠతా వచ్చేశాయి. పనిలో వేళ్లు పలకని చోట బావమరిది గోనెసంచులు తొలగించి పెట్టె దుమ్ము దులిపేవాడు. మేస్త్రి ముల్లు కేసి చూసి, "ఏడుపుగొట్టుదైనా అబద్ధం చెప్పదు," అనేవాడు. అంతకు మించి మెచ్చుకోవటం ఆయనకి చేతకాదు.

ఆరో నెలలో ఒక సెలవు రోజు. ఆయన ముందుగదిలో పేపరు చదువుకుంటున్నాడు. వంటగదిలో ఆమె అటు తిరిగి గిన్నెలు తుడిచి పెడుతోంది. మధ్యలో తలుపు సగం మూసి ఉంది. పాత అలవాటు చొప్పున ఆమె చేతిలోని పళ్లేనికి ఒక సంగతి చెప్పింది.

"పక్కింటావిడ తలుపుకి మళ్లీ ఆ ఆకుపచ్చ రంగే వేయించింది. ఏం బాగోలేదు."

"మొదటిసారి వేయించినప్పుడూ బాగోలేదు," అన్నాడాయన, పేపరులోంచి తలెత్తకుండానే.

వంటగదిలో తుడవటం ఆగిపోయింది. ఆమె ఇటు తిరగలేదు. తిరిగితే ఏడుపొస్తుందని తెలుసు. పళ్లేన్ని గట్టు మీద పెట్టి, గొంతు సవరించుకుంది. ఆరేళ్ల చిన్న విషయాలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క క్షణం తోచలేదు.

"ఒక పెద్దాయన," అంది, గోడ వైపు చూస్తూనే, "చేతిసంచిలో పిల్లిని పెట్టుకుని బస్సెక్కబోయాడండీ..."