మర్యాదకు ఇచ్చిన పాస్‌వర్డ్

మా ఆఫీసుకు ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు, తర్వాత కాఫీ, ఆ తర్వాత వైఫై పాస్‌వర్డ్. అడగకముందే ఇచ్చేస్తాం, భీమవరంలో ఆ మాత్రం మర్యాద లేకపోతే ఎలా? వైఫై చూసుకునేది నేనే కాబట్టి ఆ మర్యాద చేసే పనీ నాదే.

రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలు పెట్టడం మా వ్యాపారం. నీళ్లలో గాలి కలిపే ఫ్యాన్లు ఆగినా, ఆక్సిజన్ తగ్గినా రైతు ఫోన్‌కి నెట్ ద్వారా మెసేజ్ వచ్చి గట్టిగా మోగుతుంది. ఆ మోతను నమ్ముకునే రైతులు చెరువు గట్టు వదిలి బయటికి వస్తారు.

ఆ రోజు రైతుల సభ, తర్వాత భోజనాలు. అరవై మందిని అనుకుంటే హాలు కిక్కిరిసిపోయింది. కొత్త యాప్ అందరి ఫోన్లలో ఎక్కించాలని, అందరికీ నెట్ ఇవ్వమని మా మేనేజరు గారు చెప్పారు. వరసవరసకూ తిరిగాను. ముందు వరసలో ఒక పెద్దాయన చూపు ఆనడం లేదంటూ ఫోన్ నా చేతికిచ్చారు. వచ్చే వారమే రొయ్యల పట్టుబడట. కాపలా మనిషి ఊరెళ్లాడు, పొద్దుటి నుంచీ ఆక్సిజన్ తగ్గించే మబ్బు పట్టి ఉంది, అయినా మీ పరికరం ఉంది కదా అని వచ్చేశానన్నారు. పాస్‌వర్డ్ నా చేత్తోనే కొట్టాను.

పావుగంటలో నెట్ చచ్చిపోయింది. ఫోన్లలో వైఫై గుర్తు నిండుగానే ఉంది, లోపల ఏదీ కదలదు. రెండుసార్లు వైఫై ఆపి వేశాను. వేసిన ప్రతిసారీ అన్ని ఫోన్లూ ఒక్కసారిగా మీద పడ్డాయి. కొంతమంది వైఫై తీసేయండని మైకులో బతిమాలాను. పక్కవాడు తీస్తాడులే అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొత్తం ఆపేస్తానంటే మేనేజరు గారు ఒప్పుకోలేదు.

"పిలిచి కూర్చోబెట్టి విస్తరి లాగేస్తామా అండీ?"

నేనూ నోరు మూసుకుని మళ్లీ వైర్ల దగ్గరికే వెళ్లాను. నా పిరికితనానికి నాకే అసహ్యం. అలా గంట గడిచింది. అప్పుడు నా ఫోన్ చూసుకుంటే, సిమ్‌కి సిగ్నల్ నిండుగా ఉన్నా ఒక్క మెసేజ్ రాలేదు. వైఫైని పట్టుకున్న ఫోన్ సిమ్ నెట్ వంక చూడదు. ఇది నాకు తెలియనిది కాదు. హాల్లో ఉన్నవాళ్లందరి చెరువుల కేకలూ నేనే ఆపేశానని అప్పుడు తట్టింది. ఎవర్నీ అడగకుండా వైఫై వైరు పీకేశాను.

ముందు వరసలో ఫోన్ మోగింది. పెద్దాయన ఫోన్ నా చేతికే ఇచ్చారు.

"ఏమందో చూడండి బాబూ."

చదివాను. ఫ్యాన్లు ఆగాయి. ఆక్సిజన్ తగ్గుతోంది. ప్రమాదం. ప్రమాదం. మొదటిది బయల్దేరి గంట కావస్తోంది. చివరిది పైకి చదవలేకపోయాను. ఆయన అడగలేదు, చెప్పుల కోసం లేచారు.

నా బండి మీదే తీసుకెళ్లాను. ఎంత తోలినా దారి తరగలేదు. చేరేసరికి గట్టు పొడవునా రొయ్య తేలి ఉంది. ఆయన నీళ్లలోకి దిగి, చేతికందినవి తీసి చూసి, మళ్లీ వదిలేశారు. పాస్‌వర్డ్ కొట్టకపోయి ఉంటే మెసేజ్ అందేదని, తప్పు నాదేనని చెప్పేశాను. ఆయన చేతులు కడుక్కుని గట్టెక్కారు.

"మీరు మర్యాదకే ఇచ్చారండి. అక్కడ భోజనం కూడా వదిలేసి వచ్చారు. ఇంటికెళ్దాం పదండి, ఓ ముద్ద తిని వెళుదురుగాని."

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.