అక్క పెళ్లిచూపుల ఇంగ్లీషు

ఉల్లిగడ్డ వేసి కలిపిన అటుకుల వాసన తగిలితే నాకు బాన్సువాడలో అక్క పెళ్లిచూపులు గుర్తొస్తాయి. బిచ్కుంద నుంచి పెళ్లికొడుకు, వాళ్ల పెద్దలు వచ్చి చాప మీద కూర్చున్నారు. పదో తరగతి పాసైన అక్కకు ఇంకా చదవాలని ఉండేది గానీ, నాయిన దగ్గర ఆ మాట ఎత్తడానికే జంకేది. ఆ రోజు నాయినే మురిసిపోతూ, "ఇంగ్లీషుల నాలుగు ముక్కలు చెప్పు బిడ్డా, పిలగాడు ఇంటరు చదివిండు" అన్నాడు.

అక్క తల వంచుకునే, "ఐ ఇంటెండ్ టు కంటిన్యూ మై స్టడీస్ విత్ ఎ వ్యూ టు బికమింగ్ ఎ టీచర్" అంది, ఎక్కడా తడబడకుండా.

"మస్తు మాట్లాడుతది పోరి!" అన్నారు పెద్దలు. పద్యం అప్పజెప్పిందనుకుని నేను చప్పట్లు కొట్టాను. పెళ్లికొడుకు మాత్రం తింటున్న ప్లేటు కింద పెట్టేశాడు. అటుకుల్లో కారం ఎక్కువైందేమో అనుకున్నాను.

వారం తర్వాత కబురొచ్చింది: "పిల్ల నచ్చింది. టీచర్ చదువు అయినంకనే లగ్గం పెట్టుకుందాం."

"ఇంట్ల నాకే తెల్వది, వాళ్లకెట్ల ఎరుకైంది?" అని నాయిన చాలా రోజులు ఆశ్చర్యపోయాడు.

అక్క అందరి ముందే చెప్పింది. విన్నది బావ ఒక్కడే.