జరమొచ్చినోళ్ల రొట్టె

ఆదివారం సాయంత్రం మా అమ్మాయి సింధు ఫోనును గోడకు ఆనించి, అందులో ఎవరో ఇటలీ వంట చేస్తుంటే చూస్తూ, పొడుగాటి బ్రెడ్డును ఏటవాలుగా కోసి, కరిగిన వెన్నలో దంచిన వెల్లుల్లి కలిపి పూసి, ఓవెన్‌లో పెట్టింది. కాసేపటికి వెల్లుల్లి ఎర్రబడే వాసన వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి నా గొంతులోకి వచ్చింది. పక్క గిన్నెలో గింజ తీసి సన్నగా తరిగిన టమాటాలు, కొత్తిమీర, ఉప్పు, కాస్త మిరియాల పొడి కలిపి ఉన్నాయి. అది పైన వేయడానికట.

"ఇంటికొచ్చేటోళ్లకు బ్రెడ్ పెడతవానే? పరువు తీస్తవా?" అన్నాను.

"ఇది స్టార్టర్ మమ్మీ. నీకు తెల్వదు," అంది.

నాకు తెలియదన్న మాటను ఇంతవరకు నేను ఎవరికీ ఊరికే వదిలిపెట్టలేదు. మా ఆయనకు వదల్లేదు, మా కాలేజీ ప్రిన్సిపాలుకు వదల్లేదు. కానీ ఆ సాయంత్రం వదిలేశాను. కాలుతున్న బ్రెడ్డు, దాని మీద వెల్లుల్లి, పక్కన పచ్చి టమాటా. ఈ మూడూ కలిసిన వాసన నాకు ఇటలీది కాదు. ఇబ్రహీంపట్నంలో మా పాత వాడది. 

మా చిన్నప్పుడు మా వాడలో బ్రెడ్డును మామూలు మనిషి తినడు. రొట్టె అంటే జొన్నరొట్టె. పొద్దుగూకే వేళకు ప్రతి ఇంటి వాకిట్లోనూ పొయ్యి పొగ లేచేది, అరచేతులతో రొట్టె చరిచే చప్పుడు ఈ చివర మొదలై ఆ చివరి దాకా పాకేది, పెనం మీద పొంగిన రొట్టెను నిప్పుల మీదికి తోస్తే అంచులు నల్లబడి కమ్మటి వాసన వచ్చేది, ఎండు మిరపకాయలూ ఉప్పూ ఎల్లిగడ్డా రోట్లో వేసి నూరిన కారం దాని మీద వేలితో రాసుకుని, వెన్న ఉన్నవాళ్లు వెన్నా లేనివాళ్లు నీళ్లూ పెట్టుకుని తినేవాళ్లం. బ్రెడ్డు మాత్రం బస్టాండు దగ్గర బేకరీలో, మైనం కాగితం చుట్టుకుని, దవాఖాన మందులాగా అద్దాల వెనకాల కూర్చునేది. జ్వరమొచ్చిన మనిషిని చూడబోతే ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుపోవాలి. అది మర్యాద. ఎవరైనా ఆ ప్యాకెట్టు చేతిలో పట్టుకుని వాడలోకి వస్తే ముసలమ్మలు అరుగు మీద నుంచే "ఎవలికి బిడ్డా, ఎట్లుంది?" అని అడిగేవాళ్లు. నాలాంటి నోరున్న పిల్లలు కూడా ఆ ప్యాకెట్టును చూసి పక్కకు జరిగేవాళ్లు.

ఆ ఏడు వానలు ఆగి బతుకమ్మ పండుగ మొదలయ్యే రోజుల్లో మా చెల్లెలు పద్మ మంచాన పడింది. అప్పటికి దానికి ఐదేళ్లు, నాకంటే మూడేళ్లు చిన్నది. అంతకు ముందు రోజు దాకా నాతో తొక్కుడుబిళ్ల ఆడి, ఓడిపోయి, బిళ్ల నా నెత్తి మీద విసిరిన పిల్ల. చేలగట్ల వెంట తంగేడు విచ్చుకుని, గునుగు పూలు తెల్లగా నిలబడి, పిల్లలందరూ సంచులు పట్టుకుని పూలకు పోతుంటే అది వసారాలో నులకమంచం మీద కళ్లు మూసుకుని పడుకుంది. బస్టాండు దగ్గర డాక్టరు సారు వచ్చి నాలుక చూసి, పొట్ట నొక్కి, టైఫాయిడ్ అన్నాడు. గోలీలు ఇచ్చాడు. "కారం వద్దు, జొన్నరొట్టె వద్దు, గట్టిది ఏది పెట్టినా పేగుకు దెబ్బ. పాలు, బ్రెడ్," అని చెప్పి పోయాడు.

మా అమ్మ ఆ మాటను గుండెలో రాసిపెట్టుకుంది. ఆమెకు భయం ఎక్కువ, భయమున్నవాళ్లకు నియమం ఎక్కువ. పాలల్లో నానబెట్టిన బ్రెడ్డును చెంచాతో పద్మ నోటి దగ్గర పెట్టేది. పద్మ పళ్లు బిగించేది. ముక్కు మూస్తే నోరు తెరిచేది గానీ, ముద్ద లోపలికి పోగానే ఉమ్మేసేది. పాలు తాగేది, అదీ రెండు గుక్కలు. పిల్ల మొండిదని అమ్మ తిట్టింది, బతిమాలింది, వీపు మీద ఒకటి వేసి తర్వాత తనే ఏడ్చింది. పద్మ ముంజేతులు నులకతాళ్లంత అయ్యాయి.

ఈలోపు చుట్టాలు రావడం మొదలైంది. మా మేనత్త వచ్చింది, ఒక ప్యాకెట్టు. మా నాన్నతో, అంటే బాపుతో, చేలో పనిచేసే యాదయ్య భార్య వచ్చింది, ఒక ప్యాకెట్టు. పండుగ కాబట్టి ఆడపడుచులందరూ ఊళ్లోనే ఉన్నారు, ఒక్కరూ ఉత్త చేతులతో రాలేదు. అమ్మ వాటిని తీసుకుని, మంచానికి ఎదురుగా గోడలో ఉన్న గూట్లో ఒకదాని మీద ఒకటి పేర్చేది. పద్మ కళ్లు తెరిస్తే అవే కనిపించేవి. బయట ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే, పాట వాడంతా మోగుతుంటే, అది గోడ వైపే చూస్తూ ఉండేది.

డాక్టరు సారు మళ్లీ వచ్చినప్పుడు బాపును వాకిట్లోకి పిలిచి మాట్లాడాడు. నేను తలుపు చాటున ఉన్నాను. ఇంట్లో ఎవరేం మాట్లాడినా వినడం నా పని. "కడుపుల ఏదన్న పడాలె. రేపటిదాంక చూడుండ్రి. లేకుంటె పట్నం దవాఖానకు తీస్కపోవాలె, ఆలస్యం చెయ్యొద్దు." బాపు చెప్పులు వేసుకుని, తెల్లారికి జీపు మాట్లాడడానికి పోయాడు. మా వాడ నుంచి పట్నం దవాఖానకు పోయినవాళ్లలో తిరిగి నడిచి వచ్చినవాళ్లను నేను అప్పటికి చూడలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ నీళ్లకు పోయింది. మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. పద్మ నా గౌను అంచు పట్టుకుని లాగింది.

"అక్కా, మల్లయ్య తాత గూడ గిదే తిన్నడు గదా?"

మల్లయ్య తాత మా పక్కింటి ముసలాయన. ఎండాకాలంలో పోయాడు. పోయే ముందు చాలా రోజులు మంచంలో ఉన్నాడు. ఆయన కోడలు పాలల్లో బ్రెడ్డు నానబెట్టి చెంచాతో తినిపిస్తుంటే పద్మ రోజూ గడప మీద కూర్చుని చూసేది. ఆయన గూట్లో కూడా ప్యాకెట్లు పేరుకున్నాయి. తర్వాత ఒక పొద్దున ఆయన లేడు, ప్యాకెట్లు ఉన్నాయి.

"మన గూడు గూడ నిండుతుంది," అంది పద్మ.

మొండితనం కాదు. ఆ పిల్ల బతకడానికే నోరు మూసుకుంది. మనుషులు ప్రేమగా తెచ్చిన ఒక్కొక్క ప్యాకెట్టూ దానికి ఒక్కొక్క రోజు దగ్గరపడ్డట్టు కనిపించింది.

నేను పెరట్లోకి పరుగెత్తి నాయనమ్మకు చెప్పాను. నాయనమ్మ మా బాపు తల్లి. నాకున్న నోరు ఆమె నుంచి వచ్చిందేనని మా అమ్మ బతికినన్నాళ్లూ అంటూనే ఉంది. చెప్పింది విని నాయనమ్మ లేచింది. వసారాలోకి వచ్చి గూట్లో ఉన్నవన్నీ చీర కొంగులో వేసుకుంది. పద్మకు కనిపించేలా వాకిట్లో కుంపటి పెట్టింది, బొగ్గులు రాజేసింది, మైనం కాగితాలు చింపి అందులోనే వేసింది. బ్రెడ్డు ముక్కలను పట్కారుతో పట్టుకుని, జొన్నరొట్టెను కాల్చినట్టే రెండు వైపులా అంచులు నల్లబడే దాకా కాల్చింది. ఎల్లిగడ్డ రెబ్బను సగానికి కోసి ఆ గరుకు మీద రుద్దితే అది అరిగిపోయి బ్రెడ్డులోకే దిగిపోయింది. వేడి మీద వెన్న రాసింది, ఉప్పు చల్లింది. పొద్దున చేలోంచి వచ్చిన టమాటాలను కోసి, గింజలను బొటనవేలితో తోసేసి, మెత్తటి కండ మాత్రం తరిగి, కొత్తిమీర తుంచి పైన వేసింది. ఆమెకు ఇటలీ ఎక్కడుందో తెలియదు. బ్రెడ్డు రూపం మార్చాలని మాత్రం తెలుసు.

అప్పుడే అమ్మ బిందె తీసుకుని వచ్చింది. బిందె దించను కూడా దించలేదు.

"ఏం చేస్తున్నవ్ అత్తా? పోరిని సంపుతవా?"

"నువ్వే సంపుతున్నవ్, పాలల్ల నానవెట్టి."

"డాక్టరు సారు ఏమన్నడు? కారం వద్దనలే?"

"కారం వద్దన్నడు. ఎల్లిగడ్డ వద్దన్నడా? వెన్న వద్దన్నడా? అడిగినవా నువ్వు?"

"నీకు అన్నిట్ల వకీలు పనే. పేగు తెగితె ఎవలు కుడతరు?"

"తినకుంటె పేగుండి ఏం జేస్తదే?"

అమ్మ బిందె దించి చెంబుతో కుంపటి మీద నీళ్లు పోయడానికి వంగింది. నేను అడ్డం నిలబడ్డాను. పద్మ నాతో అన్న మాట అమ్మకు చెప్పాను, మల్లయ్య తాత సంగతి, గూటి సంగతి. అమ్మ చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది.

పూల సంచులతో పోతున్న ఆడవాళ్లు అరుపులు విని ఆగారు. నాయనమ్మ వాళ్లను లోపలికి పిలిచి తలా ఒక ముక్క చేతిలో పెట్టింది. యాదయ్య భార్య బిత్తరపోయి, "నాకెందుకు పెద్దమ్మా, నేను మంచిగనే ఉన్న గదా," అంది. "మంచిగున్నవ్ గనుకనే తిను, నోరు మూస్కొని తిను," అంది నాయనమ్మ. నేనూ తిన్నాను. కరకరమంది, తర్వాత వెన్నా ఎల్లిగడ్డా నాలుక మీద పరుచుకున్నాయి, టమాటా పుల్లగా చల్లగా తగిలింది. వాకిట్లో ఆడవాళ్లందరూ చంకల్లో తంగేడు పూలు పెట్టుకుని బ్రెడ్డు నములుతూ నిలబడ్డారు. ఒకామె నవ్వింది, ఇంకొకామె మళ్లీ చెయ్యి చాపింది.

మంచం మీద నుంచి పద్మ మెల్లగా అడిగింది. "మీ అందరికి జరమొచ్చిందా?"

"జరమెందుకస్తది? ఆకలైతుంది," అంది నాయనమ్మ, ఒక ముక్క దాని ముందు పెడుతూ.

పద్మ ముక్కను చూసింది. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. చివరికి దాని కళ్లు అమ్మ మీద ఆగాయి. "అమ్మ తింటలేదు," అంది.

ఆడవాళ్లందరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ నాయనమ్మతో ఓడిపోవడం ఇష్టంలేని మనిషి. అంతకంటే, డాక్టరు మాట దాటితే పిల్ల దక్కదని నిజంగా నమ్మిన మనిషి. ఆమె తింటే పద్మ తింటుంది. పద్మకు ఏమన్నా అయితే తినిపించింది ఆమే అవుతుంది. ఆ రెండు మాటలూ ఆమె ముఖంలో కొట్లాడుకోవడం నేను చూశాను. తర్వాత వచ్చి మంచం అంచున కూర్చుంది, పద్మ ముందున్న ముక్కనే తీసుకుంది, కొరికింది.

"సూడు. నమిలిన. మింగిన. సస్తె ఇద్దరం సస్తం గాని, నువ్వొక్కదానివి పోవు. ఇగ తిను."

పద్మ నోరు తెరిచింది. కాలిన అంచు వద్దని, నడుమ వెన్నతో మెత్తబడిన భాగం చీమంత కొరికింది. నమిలింది. మేమందరం దాని గొంతు వైపు చూస్తూ నిలబడ్డాం. మింగింది. ఇంకొంచెం కొరికింది. 

అప్పటి నుంచి అమ్మ చెయ్యి పద్మ పొట్ట మీద నుంచి తియ్యలేదు. నొస్తుందా, మండుతుందా అని అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా నాయనమ్మ పళ్లు నూరింది గానీ, తనూ కుంపటి దగ్గర నుంచి లేచి పండుగకు పోలేదు. పొద్దున జీపు వచ్చి వాకిట్లో ఆగేసరికి పద్మ దిండుకు ఆనుకుని కూర్చుని రెండో ముక్క అడుగుతోంది. బాపు డ్రైవరుకు కూడా ఒక ముక్క ఇచ్చి పంపించాడు. పేగుకు ఏమీ కాలేదు. డాక్టరు సారు విని తల పట్టుకున్నాడు, మళ్లీ ఇట్లాంటి పని చెయ్యొద్దని గట్టిగా చెప్పాడు, గోలీలు ఆపొద్దన్నాడు. నయం చేసింది గోలీలేనని అమ్మ, తిండేనని నాయనమ్మ ఆ తర్వాత ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఇద్దరిదీ నిజమేనని నేను ఒక్కసారి అంటే ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

ఇప్పుడు ఆ వాడలో అరుగులు లేవు, రోడ్డు వెడల్పులో పోయాయి. కుంపటి ఏదని సింధు అడిగితే బొమ్మ గీసి చూపించాలి. బ్రెడ్డు ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద కూర్చుంటుంది, ఎవరికీ భయం లేదు. మా అపార్టుమెంటులో ఎవరికైనా జ్వరమొస్తే గ్రూపులో దండం పెట్టే బొమ్మలు వరసగా వస్తాయి, తలుపు మాత్రం ఎవరూ తట్టరు. నాయనమ్మ పోయింది, బాపు పోయాడు, అమ్మ మొన్నటి ఎండాకాలం పోయింది.

ఆ ఆదివారం సింధు ఎదురుచూసిన చుట్టం పద్మే. బడంగ్‌పేట్ నుంచి స్కూటీ మీద వచ్చింది, హెల్మెట్ తీస్తూనే రెండు ముక్కలు తినేసి, "టమాట మీద జర నిమ్మకాయ పిండాల్సింది బిడ్డా," అని సింధుకు సలహా ఇచ్చింది. నేను ఉండబట్టలేక గుర్తుందా అని అడిగాను. బతుకమ్మ పండుగ, నులకమంచం, గూడు, మల్లయ్య తాత.

"నాకు టైఫాయిడ్ వచ్చిందా? ఎప్పుడక్కా?" అంది.

జ్ఞాపకం చేయడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఎందుకు చేయాలి? అమ్మ ముందు తను కొరికింది పద్మకు అది గుర్తుండాలని కాదు కదా. అప్పటి భయం తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. పద్మ వేలికి అంటిన వెన్న నాక్కుంటూ, కొంగరకలాన్ కలెక్టరాఫీసుకు పోయే దారంతా మళ్లీ తవ్వి పెట్టారని ఎవరినో తిడుతోంది.