పొట్టి గుర్రాల యూనియన్ సెక్రటరీ

“...నేను అనడం లేదక్కా, పెపర్ అంటున్నాడు. తడి గడ్డి పెడితే ఇవాళ పొలంలోకి అడుగు పెట్టడట.”

“పెపర్ అన్నాడా, నువ్వన్నావా?”

“సభ్యులు అన్నారు. నేను చేరవేస్తున్నానంతే.”

నెస్టా బకెట్టు కింద పెట్టి తమ్ముడి వంక చూసింది. ఇద్వాల్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. గుర్రాల తరఫున మాట్లాడతాడు. బొగ్గుగనిలో సగం జీవితం కార్మిక సంఘం సెక్రటరీగా చేసినవాడు కాబట్టి, గని మూతపడ్డాక సంఘం లేకుండా ఉండలేక నాలుగు పొట్టి గుర్రాలతో కొత్తది పెట్టుకున్నాడని ఆ లోయంతా చెప్పుకుని నవ్వుకునేది.

ఆ నాలుగూ భూమి అడుగున బొగ్గు తొట్లు లాగినవే. గని మూసిన వారం వాటిని కబేళాకు తోలడానికి లారీ వచ్చింది. ఇద్వాల్ టోపీ తీసి లారీకి అడ్డంగా నిలబడి, “సభ్యుల్ని అడక్కుండా బదిలీ చేయడానికి వీల్లేదు,” అన్నాడు. సభ్యులెవరని డ్రైవరు అడిగాడు. అదే సమయానికి లోపలున్న నాలుగు గుర్రాల్లో ఒకడైన మేజర్ లారీ చెక్కను ఫెడీమని తన్నాడు. “అరుగో, అధ్యక్షులవారు,” అన్నాడు ఇద్వాల్. సాయంత్రానికి నాలుగూ నెస్టా పొలంలో ఉన్నాయి. పొలం గలామెను మాత్రం ఎవరూ అడగలేదు.

మేజర్ గనిలో మూడు తొట్లకు మించి లాగేవాడు కాదు. ఒక్కో తొట్టికి కొక్కెం తగిలించే చప్పుడు చెవులతోనే లెక్కపెట్టుకుని, నాలుగో చప్పుడు వినబడితే కాలు కదపడు. గడ్డి మోపుల బండికీ అదే లెక్క. ఒకసారి నెస్టా బండిలో దుప్పటి పరిచి నాలుగో మోపును చప్పుడు కాకుండా దించింది. మేజర్ కాస్త దూరం లాగి ఆగాడు. వెనక్కి తిరిగి చూసిన ఆ చూపుకి ఆమె తలదించుకోవలసి వచ్చింది. మర్నాడు ఇద్వాల్ వంటింట్లోకి వచ్చి, యాజమాన్యం చేసిన మోసానికి సభ్యుల నిరసన తెలియజేసి, టీ తాగి వెళ్ళాడు.

పెపర్ దొంగ. ఎవరి కోటు జేబులో రొట్టె ఉన్నా బొత్తాం ఊడదీసి మరీ తింటాడు. టిచ్‌కి ఆకాశమంటే భయం. ఎండ బాగా కాసిన రోజున కొట్టంలో గోడకు మొహం ఆనించి నిలబడతాడు. ఇక డ్యూక్ సంగతి వేరు. అతను ఎమ్లిన్ చేతి మేత తప్ప ముట్టడు.

ఎమ్లిన్ గనిలో డ్యూక్‌ని తోలినవాడు. గని మూశాక అతని ఇంటి కిటికీ తెరలు తీయలేదు. జలుబు చేసిందని భార్య చెప్పేది. చలికాలం గడిచినా ఆ జలుబు తగ్గలేదు. చివరికి ఇద్వాల్ వెళ్ళి తలుపు కొట్టి, “రావడం రాకపోవడం నీ ఇష్టం. డ్యూక్ మాత్రం నిరాహారదీక్షలో ఉన్నాడు,” అని చెప్పి వచ్చాడు. మర్నాటి నుంచి ఎమ్లిన్ పొద్దున్నే గడ్డం గీసుకుని పొలానికి రావడం మొదలుపెట్టాడు.

పూర్వం గుర్రాలు గనిలోంచి పైకి వచ్చేది ఏడాదికి ఒక్కసారే, వేసవిలో గనికి సెలవులిచ్చినప్పుడు. ఊరంతా ఈ పొలం గోడెక్కి కూర్చునేది. గుర్రాలు వెలుగుకి కళ్ళు చికిలించి, గడ్డిని నమ్మలేనట్టు వాసన చూసి, ఉన్నట్టుండి కాళ్ళు ఎగరేసుకుంటూ పరుగెత్తేవి. టీ చల్లారిపోతోందని నెస్టా ఎంత అరిచినా ఆమె మొగుడు గోడ దిగేవాడు కాదు. అతను పోయాక కూడా వేసవి వస్తే ఆమె చూపు ఆ గోడ మీదికే పోయేది.

ఈ ఏడు ఆకులు రాలే వేళకి ఇద్వాల్ పొలం గట్టెక్కుతూ మధ్యలో ఆగిపోతున్నాడు. ఛాతీ నిండా బొగ్గు ధూళి. నెస్టా ఇక ఊరుకోలేక, లోయకి చాలా దూరాన ముసలి గుర్రాలను సాకే ఒక ఆశ్రమంతో మాట్లాడింది.

“శనివారం బండి వస్తుంది,” అంది. “ఇంకో చలికాలం ఆ బురదలో తిరిగావంటే నిన్ను నేను మోయాల్సి వస్తుంది.”

“సభ్యులు సమ్మె చేస్తారు.”

“చేసుకోమను.”

“మరి డ్యూక్? అక్కడ ఎవరి చేత్తో తింటాడు?”

నెస్టా బకెట్టు అందుకుని కొట్టం వైపు వెళ్ళిపోయింది.

బుధవారం ఇద్వాల్ ఆసుపత్రికి వెళ్ళాడు. ఎమ్లిన్ తోడు వెళ్ళాడు. నెస్టా భయపడుతూనే మేత పట్టుకుని డ్యూక్ దగ్గరికి వెళ్ళింది. డ్యూక్ గిన్నె ఖాళీ చేసి, అడుగు నాకి, ఆమె ఏప్రన్ తాడు నమలడం మొదలుపెట్టాడు.

గోడ అవతల పోస్ట్‌మ్యాన్ సైకిలు ఆపాడు.

“ఇదేం చోద్యం,” అంది నెస్టా. “వీడు ఎమ్లిన్ చేత్తో తప్ప తినడుగా.”

“ఎవరు చెప్పారమ్మా? నా జేబులో పిప్పరమెంట్లు రోజూ వీడి పాలే.”

సాయంత్రం ఇద్వాల్ వచ్చి బూట్లు విప్పుకుంటుంటే ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“డ్యూక్ నా చేత్తో తిన్నాడు.”

“ఆకలేసిందేమో.”

“పోస్ట్‌మ్యాన్ చేత్తో కూడా తింటాడట. రోజూ అతను వచ్చేసరికే ఆకలేస్తుందా?”

రెండో బూటు ఊడిరావడానికి చాలాసేపు పట్టింది.

“ఎమ్లిన్‌ని ఎన్నిసార్లో పిలిచానక్కా. టీకి పిలిచాను, క్లబ్బుకి పిలిచాను. రాలేదు. డ్యూక్ పిలుస్తున్నాడంటే వచ్చాడు.”

“డ్యూక్‌ని అడిగావా?”

“నోటిమాటగా ఒప్పుకున్నాడు.”

నెస్టా లేచి పొయ్యి మీది కెటిల్ దించింది. నవ్వు కనబడకుండా అటు తిరిగే టీ పోసింది.

మర్నాడు పొద్దున్న ఆమె వెళ్ళేసరికి ఎమ్లిన్ డ్యూక్ మెడ మీది జూలు దువ్వుతున్నాడు. ఆమె వంక చూడకుండానే అడిగాడు.

“శనివారం బండి ఎన్నింటికక్కా? వాణ్ణి నేనే ఎక్కిస్తాను. కొత్తవాళ్ళయితే బెదురుతాడు.”

“బండి రాదు. రాత్రే ఫోన్ చేసి వద్దన్నాను,” అంది నెస్టా. “మా తమ్ముడు ఇక కొట్టం ఊడవకూడదు. ఆ పని నీది. ఇంకో సంగతి. డ్యూక్ సాయంత్రం మేత కూడా నీ చేత్తో తప్ప తిననంటున్నాడు. నాలుగింటికల్లా వచ్చెయ్.”