హిందూపురం పోయొచ్చినంత దూరం

కువైట్ ఎంత దూరమని ధర్మవరంలో అడిగితే తలా ఒక మాట చెప్పేవారు. నేతగాడు గంగాధరకు మాత్రం లెక్క ఖాయం. "హిందూపురం పోయొచ్చినంత," అనేవాడు.

ఆ లెక్క అతని భార్య నీలావతి ఇచ్చిందే. తొంభైల చివర్లో చీరలకు గిరాకీ పడిపోయినప్పుడు, కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట పిల్లల్ని చూసుకునే పనికి రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లింది. ఆమె మొదటిసారి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసినప్పుడు, "యాడుండాది ఆ ఊరు? శానా దూరమా?" అని అడిగాడు.

"బొంబాయిలో విమానం ఎక్కితే నాలుగు గంటలేనప్పా. కునుకు తీసేలోగా దించేసిరి."

నాలుగు గంటలు! చీరలు తీసుకుని ప్యాసింజరులో హిందూపురం పోయి రావడానికి అతనికి పట్టేదీ అంతే, పెనుకొండలో ఎదురు బండి కోసం నిలిపేయకపోతే. బొంబాయి దాకా పోవాల్సిన రైలు సంగతి లెక్కలో వేసుకోలేదు. మనిషి తాను తిరిగిన దారులతోనే తిరగని దారుల్ని కొలుచుకుంటాడు. వెనకటి బండివాళ్లు ఊరికీ ఊరికీ మధ్య ఎన్ని చుట్టలు కాలుతాయో చెప్పేవారట.

అప్పట్నుంచి హిందూపురం బండెక్కినప్పుడల్లా గంగాధర భార్య దగ్గరికే బయల్దేరేవాడు. పెనుకొండ కొండ కనబడితే సముద్రం వచ్చిందనుకునేవాడు. హిందూపురంలో దిగితే సగం దూరం. మిగతా సగానికి ఎక్కిన బండి అతన్ని మళ్లీ ధర్మవరంలోనే దించేది.

మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవస్తే, కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. అందులో నీలావతి వేళ్లకు వీధిలో పేరుంది. ఆమె లేనన్నాళ్లూ పక్కింటి రామక్క అతికింది. గడువు దగ్గరపడ్డాక గంగాధర ఆమెతో, "ఈసారికి నువ్వొద్దులే రామక్కా. నీలావతి వస్తాండాది. ఆమే అతుకుతాది," అన్నాడు.

ఆమె వచ్చేదాకా పాత పడుగు ఉండాలని చెయ్యి నెమ్మది చేశాడు. మూర నేసే పొద్దుకు జానెడు నేశాడు.

"ఏమప్పా, చీర నేస్తాండావా, దానికి జోల పాడతాండావా?" అంది రామక్క.

జానెడే మిగిలాక మగ్గం ఆపేశాడు.

ఫోన్ వచ్చింది. "ఈ ఇంటి ఆయమ్మ పాస్‌పోర్టు ఇయ్యలేదు. ఇంకో బిడ్డ పుట్టిండాది, ఇంకో ఏడాది ఉండమంటాది," అంది నీలావతి.

"నాలుగు గంటలే గదే," అన్నాడు గంగాధర.

"ఆ నాలుగు గంటలు నా చేతిలో లేవప్పా." ఆమే అడిగింది: "పడుగు ఎవురతికిరి?"

"ఎవురూ లేదు. నీకోసరం పెట్టినా."

"నీకేమన్నా పిచ్చా? ఆడే మగ్గాన్ని నిలబెడతారా ఎవురన్నా? రామక్కను పిలుసుకో. నేనొచ్చే యాళకు మగ్గం సప్పుడు వీధి మొదట్లోనే ఇనపడాల."

మర్నాడు రామక్క పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని మగ్గం ముందు కూర్చుంది. అతని మొహం చూసి చెప్పింది: "అట్ల పెట్టుకోవద్దప్పా మొగం. నీ పెండ్లాం పొయ్యేముందు అతికిన పోగుల కొసకే గదా నేనతికితి. దాని కొసకు ఇంకోటి. నేసిన చీరలు కోసినా, ఈ రెండేండ్లలో పడుగు వరస యాడా తెగిండేది లేదు."

గంగాధర ఒక పోగును వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూశాడు.

"ఇడువప్పా, తెంపేవు!" అని కసిరింది రామక్క.

అతను లాగడం మానాడు. పోగును మాత్రం ఇంకాసేపు పట్టుకునే ఉన్నాడు.