నిద్ర పడుతోందా, అమ్మా?

అది శ్రావణ శుక్రవారం, పొద్దున్న పది గంటలు. పాలకొల్లు పక్కన మా ఊళ్లో కలరా ఉన్న రోజులు. బాలింతల బాగోగులు రాసుకోవడానికి కాకినాడ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఏ ఇంటికెళ్లినా నేల మీద కూర్చుని ముందు ఒకటే అడిగేది: "నిద్ర పడుతోందా, అమ్మా?" జవాబొచ్చాక కూడా కాసేపు ఆగేది.

బాలింతగా ఉన్న మా చెల్లెలు రాత్రిళ్లు కన్ను మూసేది కాదు. తన పాలతో బిడ్డకు కలరా అంటుతుందని వణికేది.

"పడుతుందండి. ఏంటా ప్రశ్న? శ్రావణ శుక్రవారం పూట పురిటింట్లో చెడు పలక్కూడదు," అంది దాని అత్తగారు.

"మిమ్మల్ని కాదండి. అమ్మాయిని చెప్పనివ్వండి."

చెల్లెలు అత్తగారి వంక చూసి, "పడుతోందండి" అంది. డాక్టరమ్మ కలం పట్టుకుని చాలాసేపు ఆగింది. ఆ మాటే రాసుకుని లేచింది.

ఆదివారం చెల్లెలు కాలవలో శవమై తేలింది.

ఆ శుక్రవారం ఆ గదిలో ఉన్నది అత్తగారు, నిద్ర పట్టట్లేదని తెలిసీ చెప్పని నేను, చెల్లెలు, దాని ఒళ్లో బిడ్డ, అడిగిన ఆ డాక్టరమ్మ.