పిప్పితో నడిచిన ఓడ

మా అన్న తయారుచేసిన ఆటలో ఓడలు నీళ్ల మీద కాదు, నక్షత్రాల మధ్య నడుస్తాయి. వాటిలో మంత్రగాళ్లు, కత్తివీరులు ఉంటారు. ఆడేవాళ్లు ఒక్కొక్కరు ఒక పాత్రను ఎంచుకుని, ఆ పాత్రలాగే మాట్లాడాలి. ఆట నడిపేవాడు ఎదురుగా ఏముందో చెబుతాడు. తలపెట్టిన పని అయిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. పాచికలంటే, మా దగ్గరున్నవి ఒకవైపు తెల్లగా అరగదీసిన ఆరు చింతగింజలే.

అన్న నిజామాబాద్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేసేవాడు. ఇలాంటి ఆటలు ఉంటాయని అక్కడే చదివి, సొంతంగా తెలుగులో ఒకటి రాసుకున్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, బోధన్‌లో మా ఇంటి ముందుగదిలో చాప పరుచుకునేవాళ్లం. అన్న నడిపేవాడు. నేను, అన్నతో చదువుకున్న నవీపేట్ స్నేహితుడు, పక్కింట్లో అద్దెకుంటూ ఆసుపత్రిలో నర్సుగా చేసే నర్సక్క ఆడేవాళ్లం. అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. అవ్వ మా చిన్నప్పుడే పోయింది. బాపు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి, ఫ్యాక్టరీ ఆగిపోయాక ఇంట్లోనే ఉంటున్నాడు. మేం ఆడుతుంటే మంచం మీద అటు తిరిగి పడుకునేవాడు.

ఆ ఎండాకాలం అన్నకు పచ్చకామెర్లు వచ్చి ముదిరాయి. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పదకొండో రోజు ఇంటికి తెచ్చాం, పెట్టెలో పెట్టడానికి.

నేను ఏడవలేదు. ఏడవకూడదని అనుకోలేదు, రాలేదు అంతే. సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన చేస్తుంటే, తవ్విన మట్టి ఎరుపా నలుపా అని చూస్తూ నిలబడ్డాను. కింద నలుపు, పైన కొంచెం ఎరుపు. ఇంటికొచ్చాక ఎవరో అన్నం కలిపి పెడితే తిన్నాను. ఉప్పు ఎక్కువైందని వాళ్లే అన్నారు, నాకు తెలియలేదు. చుట్టాలు నా భుజాలు పట్టుకుని, "ఏడువు బిడ్డా, లోపల పెట్టుకోకు" అన్నారు. లోపల ఏమీ లేదని వాళ్లకు ఎలా చెప్పాలో తెలియక తల ఊపాను.

నలభయ్యో రోజు ప్రార్థన అయిపోయాక వచ్చిన ఆదివారం, స్నేహితుడూ నర్సక్కా వచ్చారు. ఎప్పటిలాగే చాప పరిచాను. స్నేహితుడే ముందు అన్నాడు.

"చెల్లె, ఓడ ఇంక గాడ్నే ఉన్నది గదా."

నిజమే. చివరి ఆదివారం అన్న మా ఓడ తెరచాపలన్నీ కాల్చేశాడు. రెండు నక్షత్రాల నడుమ అది ఆగిపోయింది. వచ్చే వారం కొత్త ఇంజను చెబుతానన్నాడు. అన్న పొడవు నోట్‌బుక్ తీసి చూస్తే, 'ఓడలు మంత్రంతో ఎట్ల నడుస్తయి' అని పైన రాసి, కింద గీత గీసి ఉంది. మిగతా పేజీలు ఖాళీ.

"నువ్వే రాయరాదూ" అంది నర్సక్క.

సరే అన్నాను. రాయనని చెప్పడానికీ ఓపిక కావాలి.

వారమంతా పొద్దున గిన్నెలు తోమాక కూర్చుని రాశాను. గాలిని పిలిచే మంత్రం అని మొదలుపెట్టాను, అక్కడ గాలే లేదు కదా అని కొట్టేశాను. ఓడను లాగే పెద్ద పక్షి అనుకుంటే, అది ఏం తింటుందో తేలలేదు. శుక్రవారం మూడోది వచ్చింది. కొలిమిలో ఒక జ్ఞాపకం వేస్తే ఓడ కదులుతుంది. చిన్న జ్ఞాపకమైతే కొంచెం దూరం, పెద్దదైతే ఒక నక్షత్రం దాకా. కాలిన జ్ఞాపకం మనిషికి మళ్లీ రాదు. ఎక్కడా కొట్టివేత లేకుండా నాలుగు పేజీలు రాసేశాను. చాలా బాగా కుదిరిందనిపించింది.

ఆదివారం స్నేహితుడు చదివి, నోట్‌బుక్ చాప మీద పెట్టాడు.

"గిది వద్దు చెల్లె."

"రూల్ ఏమన్న తప్పున్నదా?"

"తప్పేం లేదు. గని వద్దు."

నర్సక్క కూడా చదివింది. "నేనెక్క గీ ఓడ. అన్నీ కాలవెట్టుకుంట పోయినంక, దిగేటోళ్లు ఎవరు? మనం ఎవరమో మనకే యాదికుండదు."

ఆమె కళ్లు ఎందుకు తడిశాయో నాకు అర్థం కాలేదు. దూరాల పట్టికలో ఏదైనా పొరపాటుందేమోనని మళ్లీ చూసుకుంటున్నాను. అప్పుడు మంచం మీద నుంచి బాపు లేచి కూర్చున్నాడు. అన్న పోయినప్పటి నుంచి అవునూ కాదూ తప్ప ఏమీ మాట్లాడని మనిషి.

"ఏం కాలుస్తరు బిడ్డా గా కొలిమిల?"

"జ్ఞాపకాలు బాపు."

"యాదినే కాలుస్తరా? అంటే చెక్కెరనే పొయ్యిల వేస్తున్నరన్నట్టు." ఆయన గొంతులో కోపం లేదు. పనిలో కొత్తగా చేరినవాళ్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఇరవై ఏండ్లు బాయిలర్ కాడ చేసిన. చెక్కెర ఎవడన్న కాలుస్తడా? చెరుకు పిండుతరు. రసం అటు చెక్కెరకు పోతది. మిగిలిన పిప్పి పొయ్యిలకొస్తది. గా పిప్పి ఆవిరితోనే మిల్లు తిరుగుతది, మళ్ల చెరుకు పిండుతది. బయట్నించి ఏం తేవల్సిన పని లేదు."

"మరి యాదిల పిప్పి ఏంది బాపు?"

"ఏమో. చెప్పంగ గొంతుల అడ్డం పడేది ఉంటది సూడు. గది."

ఆ నాలుగు పేజీలు చింపి అక్కడే మళ్లీ రాశాను. ఓడలో ఉన్న మనిషి ఒక జ్ఞాపకాన్ని బయటికి చెప్పాలి. జ్ఞాపకం అతని దగ్గరే ఉంటుంది. చెప్పేటప్పుడు పడిన బరువు కొలిమిలోకి పోతుంది. ఎంత బరువో చింతగింజలు చెబుతాయి.

స్నేహితుడు ముందు చెప్పాడు. గోదావరి ఒడ్డున అన్న సైకిల్ నేర్పుతానని తనను ఇసుకలో పడేసిన సంగతి. నర్సక్క తన మొదటి డ్యూటీలో చనిపోయిన ముసలమ్మ గురించి చెప్పింది. తర్వాత బాపు చాప అంచున కూర్చుని, "నేను గూడ ఎక్కుత" అన్నాడు.

"చిన్నప్పుడు వాణ్ణి బాయిలర్ సూపిస్తనని తీస్కపోయిన. మంటను జూసి భయపడ్డడు. ఏడుస్తలేడు, గని నా లుంగీ ఇడుస్తలేడు. డ్యూటీల ఉన్న, వదులు అని ఒక్కటి గొట్టిన." ఆయన చింతగింజలు చేతిలోకి తీసుకున్నాడు. "కొట్టకుంట ఉంటే అయిపోతుండె" అని మాత్రం అన్నాడు.

ఆయనే గింజలు వేశాడు. ఆరింటికి ఐదు తెల్లగా పడ్డాయి. ఓడ నక్షత్రం చేరిందని చెప్పాను. నర్సక్క బాపు వీపు మీద చెయ్యి వేసింది. స్నేహితుడు ముఖం తుడుచుకున్నాడు. నేను నోట్‌బుక్‌లో ఎంత దూరం వచ్చామో రాసుకున్నాను. నాకేమీ అనిపించలేదు. వాళ్ల ముగ్గురినీ గాజు తలుపు అవతలి నుంచి చూస్తున్నట్టుంది.

"నువ్వు చెప్పవా?" అంది నర్సక్క.

"నడిపేటోళ్లు చెప్పరక్కా" అన్నాను. అలాంటి రూల్ ఏదీ లేదు. అప్పటికప్పుడు పెట్టాను.

ఆ ఓడ దాదాపు ఏడాది నడిచింది. బాపు ఒక్క ఆదివారం కూడా మానలేదు. తన పాత్రను ఇంజను చూసుకునే మనిషిగా మార్చమన్నాడు, మార్చాను. తర్వాత నర్సక్కకు వేల్పూర్‌కు బదిలీ అయింది. స్నేహితుడికి పొలం పనులు ఎక్కువై రావడం తగ్గింది. ఒక ఆదివారం బాపూ నేనూ ఇద్దరమే మిగిలి, ఈ వారం వద్దులే అనుకున్నాం. ఆ తర్వాత ఆడలేదు. నేను ఒక స్కూల్లో టీచరుగా చేరాను.

నాకు ఏడుపు వచ్చింది అన్న పోయిన మూడేళ్లకు. ధర్పల్లి బస్సులో కూర్చున్నాను. బయట మామూలు ఎండ, మామూలు పొలాలు. దేని గురించీ ఆలోచించడం లేదు. ఉన్నట్టుండి మొదలై ఆగలేదు. కండక్టర్ వచ్చి, "ఏడికమ్మా?" అన్నాడు. చెప్పి, టికెట్ తీసుకున్నాను.